ఇంటి నేలకు పలకల యెన్నిక

గడచిన మాసమున వంటయింటి గట్టును గూర్చి మేము వ్రాసిన నాలుగు మాటలు చదివి, పలువురు సోదరీమణులు "గట్టు సంగతి సరే, నేల సంగతి యేమి?" అని యడిగియున్నారు. వారడుగుట న్యాయమే. గట్టుమీద మనము చేతులు మాత్రమే మోపుదుము. నేలమీద నిల్లంతయు నడచును. పసిబిడ్డ ప్రాకునది దానిమీదనే, ముసలివారు గోడ పట్టుకొని నడచునది దానిమీదనే, ప్రొద్దున లేచినది మొదలు మనము వంగి తుడుచునదియు దానినే. అయినను ఇల్లు కట్టునపుడు దుకాణమునకు పోయి నేలపలకలను నిర్ణయించి వచ్చువారు తఱచుగా పురుషులు. తాపీమేస్త్రి మాట రెండవది. ఇల్లాలి మాట మూడవది. ఈ వరుస మాఱవలెనని మా కోరిక.

మా యింట జరిగినదే చెప్పెదము. మాది పెద్దలనాటి యిల్లు. నడిమి హాలులో నాపరాళ్లు పఱచియుండెను. వాని నలుపు మాకు నచ్చలేదు. 2016వ సంవత్సరమున ఇల్లు బాగుచేయించినపుడు వానిని పెకలించి, అద్దమువలె మెఱయు తెల్లని పలకలు వేయించితిమి. చూడవచ్చినవా రందఱును మెచ్చుకొనిరి, మేమును పొంగిపోయితిమి. ఆ యేడు శ్రావణ శుక్రవారమునాడు తెల్లవాఱకమునుపే నేల కడిగితిమి. మా అత్తగారు స్నానముచేసి తడికాళ్లతో పూజగదికి వచ్చుచు, గడప దాటిన రెండవ యడుగున జాఱిపడిరి. తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స, మూడునెలలు మంచము, ఆ పిమ్మట చేతికఱ్ఱ. ఆమె మమ్ము నొక్కమాట యనలేదు. ఒకనాడు మాత్రము, "ఆ పాత బండలమీద నలభై యేళ్లు తడికాళ్లతోనే తిరిగాను కదే అమ్మాయీ" అనిరి. ఆ మాట మాకిప్పటికిని గుచ్చుకొనుచునే యున్నది. తప్పు పలకది కాదు, అమ్మినవానిది కాదు. తడిసినపు డెట్లుండునో చూడక కొన్న మాది.

కావున రంగుకంటె ముందు చూడవలసినది జాఱుడు. దుకాణములో పలకలను ఏటవాలుగా నిలిపి, పైనుండి దీపములు వెలిగించి చూపుదురు. ఆ వెలుతురులో ఏ పలకయైనను అందముగనే యుండును. నచ్చినదానిని నేలమీద పెట్టించి, చెప్పులు విడిచి, గ్లాసెడు నీరు పోయించి, దానిపై నిలుచుండి పాదము కొంచెము త్రిప్పి చూడుడు. నీటిలో చిటికెడు సబ్బుపొడి కలిపిన మఱియు మంచిది. దుకాణదారు వింతగా చూచిన చూడనిండు. డబ్బు మనది, తుంటియు మనదే.

కొన్ని కంపెనీలవారు తమ పట్టికలలో ఆర్ 9 మొదలు ఆర్ 13 వఱకు అంకెలు వేయుదురు. అంకె పెరిగినకొలది జాఱుడు తగ్గును. ఇది జర్మనీదేశపు పద్ధతి. పలకలు పఱచిన వేదికపై నూనె పోసి, దానిపై బూట్లు తొడిగిన మనుష్యుని నడిపించుచు, వేదికను క్రమముగా నొకవైపున కెత్తుదురు. ఏ వాలువద్ద కాలు జాఱునో కొలిచి ఆ యంకె నిచ్చెదరు. మన యిండ్లలో బూట్లతో తిరుగువా రెవ్వరు? వట్టిపాదములకు వేఱొక కొలత కలదు. సబ్బునీటిమీద వట్టికాళ్లతో నడిపించి ఏ, బీ, సీ యని మూడు తరగతులు చేయుదురు. వానిలో సీ యన్నిటికంటె పట్టుగలది. స్నానపుగదికి బీ తరగతికి తగ్గనిది, ఆ వివరము లేనిచో ఆర్ 10 గాని ఆర్ 11 గాని అడుగుడు. పొడిగా నుండు పడకగదికి ఆర్ 9 చాలును. మఱీ గరుకైనదియు చిక్కే. దాని గుంటలలో మట్టి చేరును, తుడుపుగుడ్డ చిరుగును. ఆ చాకిరి యెవరిదో చెప్ప నక్కఱలేదు.

గోడపలకయు నేలపలకయు ఒక్కటి కావు. చవుకగా వచ్చినవని గోడపలకలను నేలకు వేయించినవారిని మేమెఱుగుదుము. బిందె జాఱి పడినంతనే అవి పగిలినవి. గోడకు వాడు సిరామిక్ పలక మెత్తని దేహము గలది. తన బరువులో నూటికి 10 వంతులకు మించి నీరు పీల్చును. విట్రిఫైడు పలక నూటికి అరవంతుకు మించి పీల్చదు. బంకమట్టి, ఫెల్‌స్పారు, పలుగురాతిపొడి కలిపి గట్టిగా నొక్కి, ఇంచుమించు 1200 డిగ్రీల వేడిలో కాల్చుటచేత అది గాజువలె గట్టిపడును. మనదేశపు పలకలలో అధికభాగము గుజరాతులోని మోర్బీ పట్టణ పరిసరములనుండి వచ్చుచున్నవే. పలకను వెనుకకు త్రిప్పి ఆ వైపున చెంచాడు నీరు పోయుడు. చూచుచుండగనే యింకిపోయిన పలక నేలకు పనికిరాదు.

విట్రిఫైడులోను భేదములు గలవు. పైపూతమీద చిత్రము అచ్చువేసినది యొకటి. డబుల్ ఛార్జి యనునది మఱియొకటి. ఈ రెండవదానియందు రంగుపొర మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున కుండును. కుర్చీలు, మంచములు ఈడ్చు హాలునకు ఇదియే మేలు. పైపూత అఱిగినచో చిత్రమును దానితోనే పోవును.

ఇక నాపరాళ్ల మాట. పాతవని వానిని పెకలింపదలచినవారు మఱియొకమా ఱాలోచింపుడు. కడప నల్లబండ, బేతంచెర్ల రాయి, తెలంగాణమునందలి తాండూరు నీలిబండ, పసుపుబండ, నేడు కర్ణాటకములో నున్నను 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే యైన షాబాదు బండ — ఇవన్నియు సున్నపురాతి జాతివే. వేసవిలో పాదమునకు చల్లగా నుండును. పొరలుపొరలుగా చీలిన రాయి గనుక మెఱుగుపెట్టని బండమీద కాలు నిలుచును. అఱిగినచో యంత్రముతో మరల మెఱుగు పెట్టింపవచ్చును. పలక కా భాగ్యము లేదు. దీనికి శత్రువు పులుపు. నిమ్మరసము గాని చింతపండు పులుసు గాని యొలికి నిలిచినచో మెఱుగు పోయి మచ్చ మిగులును. యాసిడు పడెనా, బుసబుస పొంగి రాతినే తినివేయును. పాలరాతికిని ఇదే గతి. కావున వంటయింటికి సున్నపురాయి కంటె విట్రిఫైడు పలకయే సుఖమని మా యభిప్రాయము. వసారాకు, పెరటికి, వాకిటికి రాయియే మేలు. మేము పెకలించిన బండలను పెరటిలో పంపుచుట్టును వేయించితిమి. అవి యిప్పటికిని చెక్కు చెదరలేదు.

వాకిలి యనగా జ్ఞాపకము వచ్చినది. గడపముందు మెఱుగుపలక వేయింపకుడు. దానిమీద ముగ్గుపిండి నిలువదు. చిన్నగాలి వచ్చిన నెగిరిపోవును. దానికి బదులుగా అంటించు ముగ్గులు బజారులో అమ్ముచున్నారు. అమ్ముకొననిండు, మాకు మాత్రము మనసొప్పదు. నాలుగడుగుల గరుకురాయి యున్నచో వేళ్లమధ్యనుండి జాఱిన పిండి జాఱినచోటనే యుండును.

కొనునపుడు లెక్క మీరే వేయుడు. రెండడుగుల పలక యని చెప్పునది నిజమునకు 600 మిల్లీమీటర్లది. రెండడుగులనగా 609 మిల్లీమీటర్లకు పైబడియుండును. నాలుగు పలకల పెట్టె 16 చదరపుటడుగులని చెప్పుదురు గాని, పఱచునది పదునైదున్నర మాత్రమే. పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల గదికి 120 చదరపుటడుగులు. కోతకును, పగులుటకును పదియవవంతు కలిపిన 132. దీనికి 9 పెట్టెలు కావలెను. అన్ని పెట్టెలమీదను షేడు, బ్యాచి అంకెలు ఒక్కటిగా నున్నవో లేవో బండి దించునపుడే చూడుడు. పఱచిన తరువాత కనబడు రంగుభేదమునకు మందు లేదు. రెండు పలకలను ముఖాముఖిగా నానించి చూచిన వంకర తెలియును.

పఱచుపనిలో మేస్త్రి "సందు లేకుండా అతికిస్తానమ్మా, గీత కూడా కనపడదు" అనును. ఒప్పుకొనకుడు. ఎండకు పలక వ్యాకోచించును. జరుగుటకు చోటు లేనిచో ఒకనాడు మధ్యాహ్నము పెళ్లుమని చప్పుడు చేసి రెండు పలకలు గుడారమువలె పైకి లేచును. పలకకు పలకకు మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు, గోడమొదట కొంచెము చోటు తప్పక విడువవలెను. విట్రిఫైడు పలక నీరు పీల్చదు గనుక వట్టి సిమెంటుపాలు దానిని గట్టిగా పట్టవు. అందులకై అమ్ము జిగురును వీపంతయు పూయించుడు. నాలుగు మూలల నాలుగు ముద్దలు పెట్టి యద్దినచో నడుమ డొల్ల యగును. ఆఱిన తరువాత రూపాయిబిళ్లతో ఒక్కొక్క పలకను తట్టుడు. డొల్ల చప్పుడైనది మార్పింపుడు. స్నానపుగదిలో అడుగునకు అంగుళములో ఎనిమిదవవంతు చొప్పున నీరుపోవు తూమువైపు వాలుండవలెను. బకెట్టెడు నీరు కుమ్మరించి, నిలువక పోయినదని చూచిన పిమ్మటనే కడపటి కూలి యిచ్చుట మేలు.

పని ముగిసిన తరువాత సిమెంటు మచ్చలు పోవుటకై కొందఱు యాసిడు పోసి రుద్దుదురు. అది సందులలోని సిమెంటును తినివేయును. అంతకంటె నపాయకరమైనది యాసిడును బ్లీచింగు పౌడరును కలిపి వాడుట. ఆ రెండును కలిసినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టును. తలుపు వేసిన స్నానపుగదిలో నది ప్రాణముమీదికి తెచ్చును. పనికి వచ్చు మనిషికి కూడ ఈ మాట తప్పక చెప్పుడు; ఆమెయే కదా ఎక్కువగా ఆ గదిలో నుండునది. దినదినమునకు కొంచెము సబ్బుపొడి కలిపిన నీరు చాలును. సబ్బు ఎక్కువైనచో పొరగా నిలిచి, అదియే జాఱుడు తెచ్చును.

మిగిలిన పలకలను, పెట్టెపై అంకెలు చెడకుండ, అటకమీద దాచుడు. రెండేండ్లు గడచిన తరువాత ఆ రంగు దొరకుట దుర్లభము. అత్తగారి స్నానపుగదిలో గొట్టము మార్చవలసివచ్చినపుడు మేము దాచిన పెట్టెయే పనికివచ్చినది. ఆ గదికి ఇప్పుడు బూడిదరంగు గరుకుపలక వేయించి, గోడకు రెండుచోట్ల పట్టుకొనుటకు ఉక్కుకడ్డీలు బిగించితిమి. చూపునకు బాగుండలేదని బంధువు లందురు. ఆమె మాత్రము కఱ్ఱను తలుపువద్దనే ఉంచి లోనికి పోవుచున్నారు.

గోడలకు సున్నమా, రంగా యని యడిగినవారికి వచ్చు మాసమున సమాధానము వ్రాసెదము.