బీపీ మాత్రకు బస్సు ప్రయాణమా?

మాజీ సైనికుల వైద్యం విషయంలో కేంద్రాన్ని పిసినారి అనడానికి లేదు. ఈసీహెచ్‌ఎస్ (ఎక్స్-సర్వీస్‌మెన్ కంట్రిబ్యూటరీ హెల్త్ స్కీమ్) పథకానికి 2024-25 బడ్జెట్‌లో 6,968 కోట్ల రూపాయలు, మరుసటి ఏడాది 8,317 కోట్లు కేటాయించారు. అయినా గిద్దలూరు పక్క పల్లెలో ఉండే విశ్రాంత హవల్దారుకు షుగరు మాత్రలు అయిపోతే తెల్లవారుజామున బస్సెక్కక తప్పదు. పెద్ద ఆపరేషన్‌కు పట్నం వెళ్లాలంటే ఎవరూ కాదనరు. ప్రతిసారీ మాత్రల సంచీకి కూడా అంత దూరం తిప్పడమే అన్యాయం. మాజీ సైనికుడి ఇంటికి ఎంత దూరంలోపు వైద్యం అందాలో కేంద్రం హద్దు గీయాలి, దాన్ని హక్కుగా ప్రకటించాలి.

ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈ పథకం పేరులోనే చందా ఉంది. ఇప్పుడు పదవీ విరమణ చేసే జవాను, హవల్దారు స్థాయి వాళ్లు 30 వేలు, జేసీఓలు 67 వేలు, ఆఫీసర్లు లక్షా 20 వేల రూపాయలు ఒకేసారి కట్టి చేరుతున్నారు. 1996కు ముందు రిటైరైనవాళ్లకు, యుద్ధంలో భర్తను కోల్పోయిన మహిళలకు ఆ చందా మినహాయింపు ఉంది. కట్టినా, మినహాయింపు పొందినా కార్డు ఒకటే, ఆ కార్డుతో మందులకూ రిఫరల్‌కూ వెళ్లవలసిన పాలీక్లినిక్కూ అదే. కార్డున్నవాళ్లు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లు కలిపి దేశంలో యాభై లక్షలు దాటారు. పాలీక్లినిక్‌లు మాత్రం నాలుగు వందల పైచిలుకే. అంటే చాలా జిల్లాలకు మహా అయితే ఒక్కటి, అదీ ఎక్కువగా జిల్లా కేంద్రంలోనో కంటోన్మెంటులోనో.

సైన్యానికి మనుషుల్ని పంపింది మాత్రం పట్నాలు కావు. పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని తరతరాలుగా మిలిటరీ మాధవరం అనే పిలుస్తున్నారు. రెండు ప్రపంచ యుద్ధాల నుంచి ఇప్పటిదాకా ఆ ఊళ్లో ఫౌజుకు మనిషిని ఇవ్వని ఇల్లు వెతకాలి. ఉమ్మడి ప్రకాశం పడమటి మెట్ట పల్లెల్లో, శ్రీకాకుళం జిల్లాలో కూడా వానను నమ్ముకున్న సేద్యం వెళ్లదీయలేక కుర్రాళ్లు భర్తీ ర్యాలీల దారి పట్టారు. సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రి, విశాఖలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి గొప్ప సంస్థలే. కానీ వాటి చుట్టుపక్కల స్థిరపడినవాళ్లకు దక్కినంత సుఖం ఊరికి తిరిగొచ్చి పొలం చేసుకుంటున్నవాడికి దక్కడం లేదు. భర్త పోయాక ఒంటరిగా మిగిలిన ముసలమ్మ సంగతి మరీ కష్టం. కొడుకులు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు, పాలీక్లినిక్‌కు తోడు వచ్చేవాళ్లుండరు. మోకాళ్ల నొప్పులతో ఆమె బస్సెక్కే ఓపిక లేక మందుల షాపులో సొంత డబ్బు పెట్టి కొనుక్కుంటుంది. పెన్షన్‌లో కొంత అలా కరిగిపోతుంది. ఆ ఖర్చు ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనపడదు.

పాలీక్లినిక్ దాకా వెళ్లినా పని అవుతుందన్న నమ్మకం లేదు. అక్కడి డాక్టరు కాంట్రాక్టు మీద పనిచేస్తాడు, మానేస్తే కొత్తవాడు వచ్చేదాకా కుర్చీ ఖాళీ. మందుల ఇండెంటు పాలీక్లినిక్ నుంచి సైనిక ఆసుపత్రిలోని సీనియర్ ఎగ్జిక్యూటివ్ మెడికల్ ఆఫీసరుకు చేరి, మంజూరై, సరుకు రావాలి. ఈలోగా ‘స్టాకు లేదు’ అన్న జవాబు. మందుల కొరత సంగతి కాగ్ 2015 నాటి ఆడిట్ నివేదికలోనే రాసింది. 2021లో మొదలైన సెహత్ ఓపీడీ వల్ల డాక్టరుతో ఫోన్‌లోనే మాట్లాడే వీలు కలిగింది. మంచిదే. ఫోన్ చీటీ రాస్తుంది కానీ మాత్ర తెచ్చిపెట్టదు కదా!

పాలీక్లినిక్ రిఫరల్ చీటీతో వెళ్లే ప్రైవేటు ఆసుపత్రుల కథ వేరు. అవి ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే ఎందుకున్నాయో తెలియాలంటే రేట్ల పట్టిక చూడాలి. ఈసీహెచ్‌ఎస్ చెల్లించేది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ రేట్ల ప్రకారం. 2025 అక్టోబరులో ఆ రేట్లను సవరించినప్పుడు మొదటి శ్రేణి నగరాలకన్నా రెండో శ్రేణి ఊళ్లకు 10 శాతం, మూడో శ్రేణికి 20 శాతం తక్కువగా నిర్ణయించారు. ఎన్‌ఏబీహెచ్ నాణ్యతా గుర్తింపు లేకపోతే మరో 15 శాతం కోత. పట్నంలో అద్దెలు, జీతాలు ఎక్కువన్న వాదన అర్థమవుతుంది. కానీ స్పెషలిస్టును మార్కాపురానికో పలాసకో రప్పించి నిలబెట్టుకోవడానికి నగరంకన్నా ఎక్కువ ఇవ్వాలన్న సంగతి నర్సింగ్‌హోమ్ నడిపే ఎవరినడిగినా చెబుతారు. డాక్టరు ఎక్కడ కరువో అక్కడే తక్కువ చెల్లిస్తామంటే చిన్న ఊరి ఆసుపత్రి ఈ జాబితాలో ఎందుకు చేరుతుంది? దీనికి తోడు బిల్లుల జాప్యం. ఆన్‌లైన్‌లో పెట్టిన బిల్లు పరిశీలన సంస్థను దాటి, ప్రాంతీయ కేంద్రం ఆమోదం పొంది, డబ్బుగా మారేసరికి నెలలు గడుస్తాయి. కార్పొరేట్ ఆసుపత్రి దాన్ని తట్టుకుంటుంది. ముప్పై పడకల నర్సింగ్‌హోమ్ తట్టుకోలేదు.

అమెరికా ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు తెలుసుకోదగింది. ఫీనిక్స్‌లోని వెటరన్స్ ఆసుపత్రిలో నిరీక్షణ జాబితాలను దాచిపెట్టిన కుంభకోణం 2014లో బయటపడి దేశమంతా గగ్గోలెత్తింది. ఆ ఏడాది ఒక చట్టం, 2018లో మిషన్ చట్టం వచ్చాయి. 2019 జూన్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం ప్రాథమిక వైద్యానికి 30 నిమిషాలు, స్పెషలిస్టుకు 60 నిమిషాల కారు ప్రయాణం దాటితే మాజీ సైనికుడు దగ్గర్లోని ప్రైవేటు డాక్టరు దగ్గరికి ప్రభుత్వ ఖర్చుతో వెళ్లొచ్చు. బయటి డాక్టర్లకు పోయే సొమ్ము వెటరన్స్ ఆసుపత్రులను బలహీనపరుస్తోందన్న విమర్శ అక్కడ గట్టిగానే ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. ఆ పద్ధతిని ఇక్కడికి ఎత్తుకురమ్మని మేం అనడం లేదు. ఇంటి నుంచి ఎంతసేపు ప్రయాణం అన్నదాన్ని అక్కడ చట్టం లెక్కలోకి తీసుకుంది. మన దగ్గర ఆ లెక్కే లేదు.

హద్దు గీశాక దాన్ని నిలబెట్టడానికి కొత్త భవనాలేమీ కట్టనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, తెలంగాణలో పల్లె దవాఖానాలు, వాటి పైన పీహెచ్‌సీలు, ఏరియా ఆసుపత్రులు ఉన్నాయి. పలాసలో ఉద్దానం కిడ్నీ రోగుల కోసం కట్టిన 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. రక్షణ శాఖ రెండు రాష్ట్రాలతో ఒప్పందం చేసుకుని, ఈ ఆసుపత్రులన్నిటిలోనూ మాజీ సైనికుడి కార్డు చెల్లేలా చూడాలి. బీపీ, షుగరు, థైరాయిడ్, గుండె మందుల వంటి రోజువారీ మాత్రలను మండల కేంద్రంలోని మందుల షాపులోనో జన ఔషధి దుకాణంలోనో కార్డు చూపి తీసుకునే ఏర్పాటు చేయాలి. దుర్వినియోగం జరుగుతుందని అధికారులు భయపడతారు, అది నిరాధారమూ కాదు. కానీ ఆరోగ్య పథకాల్లో పెద్ద మోసాలు ఎక్కువగా అవసరంలేని ఆపరేషన్ల ప్యాకేజీల్లో జరుగుతాయి. పది మాత్రల చీటీ దగ్గర ఎవరైనా దోచుకునేదెంత? చిన్న ఊళ్ల ఆసుపత్రుల రేట్లలో కోత రద్దు కావాలి. బిల్లు గడువు దాటితే వడ్డీ కట్టాలన్న నియమం కూడా రావాలి.

ఇంకో తలనొప్పి 2024 అక్టోబరులో వచ్చిపడింది. డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల రూపాయల వైద్యం వర్తింపజేశారు. ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు మాత్రం రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. అంటే ఊరికి దగ్గరగా ఐదు లక్షల హద్దుతో దొరికే వైద్యమా, దూరాన ఉన్న పాలీక్లినిక్ చీటీతో వచ్చే పూర్తి వైద్యమా తేల్చుకోమని డెబ్బై అయిదేళ్ల మనిషిని అడుగుతున్నారు. చందా కట్టి సంపాదించుకున్న హక్కును ఇంటి దూరం కారణంగా వదులుకోమనడం ఏం న్యాయం? ఈ మెలిక తొలగాలి.

అగ్నివీరుల సంగతి మరీ దగ్గరకొచ్చింది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరినవాళ్లలో నాలుగేళ్ల తరవాత నాలుగోవంతు మందినే కొనసాగిస్తారు. మిగతావాళ్లకు పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ కార్డు కూడా లేదు. తొలి దళాలు శిక్షణ మొదలుపెట్టింది 2022 చివర్లో, 2023 మొదట్లో. కాబట్టి 2026 చివరి నుంచి మన ఊళ్లకు పాతికేళ్లకు అటూఇటూ వయసున్న మాజీ జవాన్లు తిరిగొస్తారు. సియాచిన్‌లోనో కుప్వాడాలోనో మోకాలు దెబ్బతిని వచ్చిన కుర్రాడికి వైద్యం ఎవరు చేయిస్తారు? సర్వీసులో వచ్చిన గాయానికి, జబ్బుకు సంబంధించినంతవరకైనా వాళ్లకు ఈసీహెచ్‌ఎస్ కార్డు ఇవ్వాలి. రెండు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకు అతీతంగా రక్షణ మంత్రిని కలిసి ఆ ఉత్తర్వు తెప్పించాలి.