మేర కాదు, జీతం ఇయ్యండి

హోటల్లో తిన్నాక టిప్పు ఇయ్యాలా వద్దా, ఇస్తే ఎంత ఇయ్యాలి? చదువుకున్నోళ్ళు నలుగురు కూచుంటే ఈ ముచ్చట వస్తది. ఒకాయన బిల్లులో పది శాతం అంటాడు. ఇంకొకాయన అది లంచంతో సమానం, సిద్ధాంతరీత్యా నేనియ్యను అంటాడు. పాపం పేదోళ్ళు, ఏదో ఒకటి పడేద్దాం అని మూడో ఆయన. ముగ్గురిలో ఒక్కడన్నా గల్లాపెట్టె దగ్గర కూచున్నోడి వంక తిరిగి, ఈ పిల్లోడికి నువ్వు నెలకెంత ఇస్తున్నావయ్యా అని అడగ్గా నేను చూళ్ళేదు. నా తగాదా అక్కడే.

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఊళ్ళో ఆసాములకు చెప్పులు, తోలు బొక్కెనలు, చెర్నాకోలలు, ఎద్దుల మెడపట్టీలు సంవత్సరం పొడుగునా కుట్టిపెట్టి, పంట నూర్చిన రోజు కళ్ళం దగ్గరికి పోయి నిలబడేవాడు. అప్పుడు పెట్టే గింజల్ని మేర అంటారు. ఇంత పనికి ఇంత అని కాగితం లేదు. ఆసామి మనసు బాగుంటే నాలుగు చేటలు. లేకపోతే రాశి ఎత్తేశాక మట్టిలో కలిసిన అడుగు గింజలు. నోరు తెరిచి అడిగితే పొగరంటారు, అడక్కపోతే మర్చిపోయామంటారు. అందుకని అడిగీ అడగనట్టు, మొహాన నవ్వు పులుముకొని, తుండుగుడ్డ చేత్తో పట్టుకొని నిలబడాలి. చెప్పులు కుట్టటం కంటే ఆ నిలబడటమే మీ తాతకు కష్టంరా అనేది మా నాయనమ్మ.

సోంపు, బిల్లు ఉన్న పళ్ళెం మీ బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడే సర్వరు మొహం ఎప్పుడన్నా చూశారా? అదే నవ్వు. ఊరు మారింది, గింజలు పోయి చిల్లర వచ్చింది. చేసిన పనికి హక్కుగా రావాల్సింది ఎదుటోడి దయ మీద ఆధారపడటం మాత్రం మారలా.

నేను 1988 వేసవిలో పదో తరగతి పరీక్షలు రాసి, విజయవాడ గవర్నరుపేటలో ఒక భోజన హోటల్లో చేరాను. మా ఊరి టీకొట్లో మాకు వేరే గ్లాసు. తాగి, కడిగి, మేమే బోర్లించాలి. పట్నంలో ఆ బాధ ఉండదని మా అమ్మ సంబరపడింది. నిజమే, లేదు. పట్నంలో అందరు తాగిన గ్లాసులూ మేమే కడిగాం.

చేరిన రోజు యజమాని మూడే అడిగాడు. ఏ ఊరు? ఊళ్ళో ఎటు వైపు? మీ నాయనేం చేస్తాడు? మూడోదానికి జవాబు చెప్పేసరికి నేను క్లీనర్నని తేలిపోయింది. విస్తళ్ళు తియ్యటం, బల్లలు తుడవటం, వెనక తొట్టి దగ్గర కంచాలు కడగటం. అన్నం బేసిను, సాంబారు బకెట్టు ముట్టుకునే పని లేదు. ముట్టుకోవద్దని ఎవరూ అనలా, అంత మోటుతనం పట్నంలో ఉండదు. "నీకింకా వడ్డన రాదురా" అన్నారు. నా తర్వాత నెలకి చేరిన పైకులం పిల్లోడికి వారంలో వచ్చింది ఆ విద్య.

ఇప్పుడు చెప్పండి, టిప్పు ఎవరికొస్తది? వడ్డించినోడికి. ఎంగిలెత్తినోడికి రాదు. తడిగుడ్డ పట్టుకున్నోడు దగ్గరికొస్తే జనం చేతులు పక్కకి తీసుకుంటారు గానీ జేబులోకి పోనియ్యరు. యజమాని కులం చూసి పని పంచితే, తినొచ్చినోళ్ళు ఏ పాపమూ ఎరక్కుండానే ఆ కులం ప్రకారం డబ్బులు పంచిపోయారు. మా పక్క పాలెం వాడొకడు పేరు మార్చుకొని సర్వరయ్యాడు. వాణ్ణి నేనేమీ అనను. రోజుకి పది రూపాయల చిల్లర కోసం తల్లి పెట్టిన పేరు దాచుకునే గతి పట్టించినోళ్ళని అంటాను.

జీతాల సంగతి ఇంకా చోద్యం. నాకు నెలకి 150 రూపాయలు, రెండు పూటలా తిండి, రాత్రి బల్లల మీద పడక. సర్వరుకి 120. నాకంటే తక్కువ! ఏందయ్యా ఇది అంటే "వాడికి పైన వస్తాయిగా" అన్నాడు యజమాని. ఈ ఒక్క మాట పట్టుకోండి. జనం సర్వరు చేతిలో పెట్టామనుకున్న దాంట్లో నెలకి ముప్ఫై రూపాయలు తిరిగి తిరిగి గల్లాపెట్టెలోకే పోయినయ్యి. సర్వరుకి మీరు సాయం చేశామనుకున్నారు. యజమాని ఇయ్యాల్సిన జీతంలో కొంత మీరు కట్టారు. దయ మీది, లాభం ఆయనది. గిరాకీ లేని రోజుల్లో, ఆషాఢంలో, తుపాను ముసుర్లో సర్వరు పస్తు. వ్యాపారంలో వచ్చే నష్టాన్ని పెట్టుబడి పెట్టినోడు కాకుండా పళ్ళెం మోసేవాడు ఎందుకు భరించాలి?

చట్టం లేక ఇదంతా జరిగిందనుకోవద్దు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూస్తూ కనీస వేతనాల బిల్లును 1946లో సభ ముందు పెట్టింది బాబాసాహెబ్ అంబేద్కర్. 1948లో అది చట్టమయ్యింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవటం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తదని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వెట్టి అంటే మా పల్లెల్లోనే అనుకునేరు, ఏసీ గదుల్లోనూ ఉంటది. టిప్పు యజమాని పెట్టెలోంచి వచ్చే సొమ్ము కాదని జైపూరు రాంబాగ్ ప్యాలెస్ హోటల్ కేసులో 1976లోనే చెప్పారు. కార్డు మీద వసూలు చేసి పంచిన టిప్పు కూడా జీతం కాదని 2016లో ఐటీసీ ఆదాయపు పన్ను కేసులో మళ్ళీ చెప్పారు. "పైన వస్తాయిగా" అనే లెక్క ఏ కోర్టు ముందు పెడతారు వీళ్ళు?

పాత చట్టం జాగాలో ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్ ఉంది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది. చట్టం పేరు మారితే నాకేం? నేను పనిచేసిన చోట రెండు పుస్తకాలుండేవి. ఒకటి తనిఖీకొచ్చే ఆఫీసరుకి చూపించేది. అందులో సర్కారు చెప్పిన అంకె, దాని పక్కన మా సంతకం, రానోడిది వేలిముద్ర. రెండోది గల్లాపెట్టె కింద ఉండేది. అందులో అసలు ఇచ్చింది. క్లీనర్ల పేర్లు మొదటి పుస్తకంలో ఉండేవే కావు.

2022 జూలైలో, బిల్లులో సర్వీసు చార్జీ దానంతటది కలపగూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ యజమానుల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి పరుగెత్తినయ్యి. పనివాళ్ళ కోసమేనంట! 2025 మార్చిలో కోర్టు ఆ మార్గదర్శకాల్ని సమర్థించింది. నూనె పిరమైతే దోసె రేటు పెంచుతారు. గ్యాసు పిరమైతే ఇడ్లీ రేటు పెంచుతారు. మనిషి కూలి దగ్గరికొచ్చేసరికి మాత్రం వేరే గీత గీసి, గిరాకీ మంచితనానికి వదిలేస్తారు.

మన పిల్లలు అమెరికా పోయొచ్చి, అక్కడ ఇరవై శాతం టిప్పు ఇస్తారు, అదీ సంస్కారం అంటున్నారు. అక్కడి సంగతీ కాస్త విప్పి చూద్దాం. టిప్పులొచ్చే పనివాడికి యజమాని గంటకి 2.13 డాలర్లిస్తే చాలని అక్కడి కేంద్ర చట్టం. మిగతాది టిప్పుల్లో పూడాలి, పూడకపోతే యజమాని కలపాలి. ఆ అంకె 1991 నుంచి కదల్లేదు. బానిసత్వం పోయాక పుల్‌మన్ రైలు కంపెనీ నల్లవాళ్ళని పడక పెట్టెల్లో పోర్టర్లుగా పెట్టుకొని, కొద్ది జీతమిచ్చి, తతిమ్మాది ప్రయాణీకుల టిప్పులకి వదిలేసింది. ప్రతి పోర్టర్నీ ఆ కంపెనీ యజమాని పేరుతో "జార్జి" అని పిలిచేవాళ్ళు. మమ్మల్ని ముసలోణ్ణీ పిల్లోణ్ణీ కలిపి "ఒరే అబ్బాయ్" అన్నట్టే. వాళ్ళు 1925లో యూనియన్ పెట్టుకొని, రాండాల్ఫ్ నాయకత్వాన పన్నెండేళ్ళు కొట్లాడి, 1937లో కంపెనీతో ఒప్పందం రాయించుకున్నారు. అంతెందుకు, ఈ రోజు కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో టిప్పుతో నిమిత్తం లేకుండా పూర్తి కనీస వేతనం ఇయ్యాల్సిందే. అక్కడ జనం హోటళ్ళలో తినటం మానలేదు. జీతం పెంచితే మూసుకోవాల్సిందే అని ఇక్కడ ఏడ్చేవాళ్ళు ఆ మాట కూడా చెప్పాలి.

టిప్పు ఆపితే మా కడుపు కొట్టినట్టే అన్నా అని ఈ మధ్య హైదరాబాదులో ఒక సర్వరు తమ్ముడు నాతో అన్నాడు. ఈ పూటకి వాడి మాట నిజం. అందుకని ఇయ్యొద్దని నేను చెప్పను. ఇచ్చేదేదో నోటు రూపంలో వాడి చేతిలో పెట్టండి. ఫోను తీసి గోడ మీది బొమ్మకి కొడితే అది యజమాని ఖాతాలోకి పోతది, వాడిదాకా వచ్చిందో లేదో మీకు తెలవదు. సిద్ధాంతం పేరు చెప్పి జేబు మూసుకునే కామ్రేడుకి ఒకటే మాట: నీ సిద్ధాంతం ఖర్చు సర్వరు మీద కాదు, యజమాని మీద పడాలి.

విద్యార్థి మిత్రులారా, సభలయ్యాక మీరంతా గుంపుగా హోటలుకి పోతారు. యాభై మంది గిరాకీ అంటే యజమాని లేచి నిలబడతాడు. ఆ యాభై మందీ తినేముందు జీతాల రిజిస్టరు తెమ్మనండి. మామూలుగా బల్ల మీద పెట్టే పుస్తకం కాదు, గల్లాపెట్టె కిందది. అందులో వెనక తొట్టి దగ్గర కంచాలు కడిగే ఆడవాళ్ళ పేర్లున్నాయో లేవో చూడండి. ఉంటే, పక్కన ఎంత రాశారో పైకి చదవండి.