పొగాకు వ్యతిరేక సంఘాలు, అంతర్జాతీయ ఒప్పందం: రైతు తెలుసుకోవాల్సిన 17వ అధికరణం

ఏటా నారుమళ్లు పోసే రోజుల్లో ప్రకాశం జిల్లా రైతులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. ‘‘సార్, పొగాకు పూర్తిగా తీసేస్తారంట కదా, ఈసారి వేయాలా వద్దా?’’ ఎవరు తీసేస్తారని అడిగితే ‘‘ఏవో విదేశీ సంఘాలంట’’ అంటారు. ఆ సంఘాలు ఏమిటో, అవి పట్టుబట్టి తెచ్చిన ఒప్పందంలో రైతు గురించి ఏం రాసి ఉందో చూద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2003లో పొగాకు నియంత్రణ ఒప్పందం కుదిరింది. మన దేశం 2004 ఫిబ్రవరిలో ఆమోదించింది. 2005 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉంది. 180కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. దీని వెనుక వందకు పైగా దేశాల ఆరోగ్య, క్యాన్సర్ నివారణ సంఘాల కూటమి ఉంది. ఒక దేశంలో సాధించిన నిబంధనను మిగతా దేశాలకు తీసుకుపోవడం వీరి పద్ధతి. కెనడాలో 2001లో వచ్చిన బొమ్మల హెచ్చరిక, మన దేశంలో 2016 నాటికి సిగరెట్ పెట్టెలో 85 శాతం ఆక్రమించింది. పన్నులు, ప్రకటనల నిషేధం కూడా ఇలాగే వ్యాపించాయి.

అయితే పొగాకు సాగును నిషేధించాలని ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు. 17వ అధికరణం చెప్పేది వేరు. పొగాకు రైతులకు, కూలీలకు గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయాన్ని ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు కలిసి ప్రోత్సహించాలి. 18వ అధికరణం సాగులో పర్యావరణాన్ని, పనిచేసేవారి ఆరోగ్యాన్ని కాపాడాలంటుంది. ఈ రెండూ మన పక్షాన రాసినవే. కానీ సంఘాలు పన్నుల మీద, హెచ్చరికల మీద చూపిన పట్టుదల వీటి మీద చూపలేదన్నది నా అభిప్రాయం.

2016 నవంబరులో ఒప్పంద దేశాల ఏడో సదస్సు మన గ్రేటర్ నోయిడాలోనే జరిగింది. రైతులు బయట నిరసన తెలిపారు, లోపలికి ప్రవేశం దొరకలేదు. దీనికి కారణముంది. పొగాకు కంపెనీల జోక్యాన్ని విధానాలకు దూరంగా ఉంచాలని 5వ అధికరణం చెబుతుంది. 1984లో ఏర్పడిన అంతర్జాతీయ పొగాకు రైతుల సంఘాన్ని కంపెనీలే డబ్బిచ్చి నడిపించాయని వాటి పాత పత్రాలు బయటపడ్డాక తెలిసింది. అందుకే రైతు పేరుతో ఎవరు మాట్లాడినా అక్కడ అనుమానమే. కంపెనీ వేరు, రెండు బ్యారన్ల రైతు వేరు అన్న తేడా వాళ్లు చూడాల్సింది. మన మాట మనమే చెప్పుకోకపోతే ఆ అనుమానం పోదు కూడా.

ఇక ధరల సంగతి. 2024లో బ్రెజిల్, జింబాబ్వేల్లో పంట తగ్గి మన ఆకుకు మంచి రేటు వచ్చింది. ఆ ఊపులో 2025కి విస్తీర్ణం పెంచేశారు. కౌలు పెరిగింది, బ్యారన్ అద్దె పెరిగింది, కూలి పెరిగింది. తీరా ధర జారింది. నల్ల బర్లీ అయితే కొనే నాథుడు లేక చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చింది. ఆ ఏడాది మనల్ని ముంచింది ప్రచారం కాదు, అవసరానికి మించిన సాగు. ప్రచారం పని నిదానం. అది ఏళ్ల తరబడి వాడకాన్ని తగ్గిస్తూ పోతుంది.

ప్రత్యామ్నాయం ఎక్కడైనా నిలిచిందా అని అడుగుతారు. కెన్యాలోని మిగోరి ప్రాంతంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం అక్కడి ప్రభుత్వంతో కలిసి పొగాకు రైతులను ఇనుము ఎక్కువగా ఉండే బీన్స్ వైపు మళ్లించాయి. తర్వాత జాంబియాకూ విస్తరించాయి. ఇందులో గమనించాల్సింది విత్తనం కాదు. పండించిన గింజలకు ప్రపంచ ఆహార కార్యక్రమం మార్కెట్ చూపించింది. మన దగ్గర లోపించేది సరిగ్గా ఇదే. శనగ వేయమని నేనే ఎన్నో సభల్లో చెప్పాను. నల్లరేగడికి బాగా సరిపోతుంది, పెట్టుబడి తక్కువ. కానీ ధర పడిన ఏడాది కొనుగోలు కేంద్రం ఆలస్యంగా తెరిస్తే, మరుసటి ఏడు ఆ రైతు మళ్లీ పొగాకు నారే పోస్తాడు. అతన్ని తప్పుపట్టలేను. జంగారెడ్డిగూడెం వైపు నీటి వసతి ఉన్నవారు ఆయిల్ పామ్‌కు ధైర్యంగా వెళ్తున్నారంటే, గెలలు కొనే ఫ్యాక్టరీ ముందే ఖరారై ఉండటమే కారణం. ప్రకాశం మెట్టకు ఆ పంట పనికిరాదు.

కాబట్టి ఈ సీజన్‌కు నా సలహా ఇది. అప్పు చేసి కొత్త బ్యారన్ కట్టవద్దు. బోర్డు అనుమతించిన పరిమాణానికి సరిపడా మాత్రమే నాటండి. రాతపూర్వక కొనుగోలు ఒప్పందం చేతిలో లేకుండా నల్ల బర్లీ జోలికి పోవద్దు. నోటి మాట చెల్లదు. పొలమంతా ఒకేసారి మార్చకుండా, ముందు కౌలు పొలాన్ని పొగాకు నుంచి తప్పించి శనగకో కందికో చిరుధాన్యాలకో పెట్టి చూడండి. ఆకు కోసేటప్పుడు మంచు ఆరేదాకా ఆగండి. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోకి ఇంకి వాంతులు, తల తిరగడం వస్తాయి. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు వాడాలి. పిల్లలను ఆ పనికి పంపవద్దు.

పొగాకు రైతులను ఇతర పంటలకు మళ్లించే పంటల వైవిధ్య పథకాన్ని కేంద్రం 2015-16లో పొగాకు పండించే రాష్ట్రాలకు విస్తరించింది. 17వ అధికరణం మన ఊరిదాకా రావడానికి ఉన్న దారుల్లో ఇదొకటి. మీ రైతు సేవా కేంద్రంలో, మండల వ్యవసాయ అధికారి దగ్గర పదిమంది కలిసి అర్జీ ఇవ్వండి. విత్తన రాయితీ ఒక్కటే అడిగి రావద్దు. పంటను ఎవరు, ఎక్కడ, ఏ ధరకు కొంటారో రాతలో అడగండి. రబీ ప్రణాళికలు ఖరారు కాకముందే, ఆగస్టులోగా ఇస్తే ఉపయోగం ఉంటుంది.