ఆయాసం కూర్చోబెడితే తెలియదు

మన ఇళ్లలో ఆడవాళ్లు ఆయాసం వచ్చిందని చెప్పరు. పనులు ఒక్కొక్కటిగా వదిలేస్తారు, అంతే. ముందు మేడ మీద బట్టలారేయడం కోడలికి వెళ్తుంది. తర్వాత పానకాల స్వామి కొండ మెట్లు. "మీరెక్కి రండి, నేను కింద గుళ్లో కూర్చుంటా" అంటారు. ఎందుకని అడిగితే "వయసు కదమ్మా" అంటారు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి దగ్గరో, పత్తి దుమ్ములోనో గడిపిన మనిషి ఆ మాటంటే నేను నమ్మను. సిగరెట్ ముట్టని ఆడవాళ్లకీ సీఓపీడీ వస్తుంది. పొయ్యి పొగ దానికి పెద్ద కారణం.

అలాంటావిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే కుర్చీలో కూర్చుంటారు. వేలికి క్లిప్పు పెడితే 96 చూపిస్తుంది. బాగానే ఉందని ఇంటికొచ్చేస్తాం. కానీ ఆవిడకి ఆయాసం కూర్చున్నప్పుడు కాదు కదా, నడిచినప్పుడు!

అందుకే ఆరు నిమిషాల నడక పరీక్ష గురించి మనం తెలుసుకోవాలి. 30 మీటర్ల చదునైన వరండాలో అటూ ఇటూ వీలైనంత దూరం నడవమంటారు. మధ్యలో ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు. మొదట్లో, చివర్లో ఆక్సిజన్, గుండె వేగం చూస్తారు. ఆయాసం ఎంతుందో 0 నుంచి 10 లోపు చెప్పమంటారు. ఊదించే స్పైరోమెట్రీ జబ్బు ఉందా లేదా చెబుతుంది. ఈ నడక ఆ జబ్బుతో ఆవిడ రోజు ఎలా గడుస్తోందో చెబుతుంది. నడిచేటప్పుడే ఆక్సిజన్ పడిపోయేవాళ్లు దీంట్లో బయటపడతారు.

"ఆయాసపడే మనిషిని నడిపించడమేంటి, పాపం కూర్చోనివ్వండి" అనే ప్రేమ మన దగ్గర ఎక్కువ. ఆ ప్రేమే మనిషిని మంచానికి దగ్గర చేస్తుంది. కదలకపోతే కాళ్లలో బలం పోతుంది, అప్పుడు నాలుగడుగులకే రొప్పు వస్తుంది. డాక్టరు చెప్పిన పద్ధతిలో వ్యాయామం చేయిస్తే ఆయాసం తగ్గుతుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ నడిపించినప్పుడు 30 మీటర్లు ఎక్కువ నడిచినా అది నిజమైన మెరుగే.

అలాగని ఇంట్లో మనమే పరీక్ష పెట్టకూడదు. నెల లోపు గుండెపోటు వచ్చినవాళ్లని అసలు నడిపించకూడదు. మన మంగళగిరి ఎయిమ్స్‌లో ఊపిరితిత్తుల విభాగం ఉంది. అక్కడైనా, వేరే చోటైనా ఈసారి అత్తయ్యనో అమ్మనో తీసుకెళ్లినప్పుడు ఆవిడ వదిలేసిన పనులన్నీ డాక్టరుకి మీరే చెప్పండి. "నడిపించి చూస్తారా?" అని అడగండి. ఆవిడ మాత్రం అడగరు.