మేతలో ఏముందో సంచి మీద రాయాలి

చేపకు జబ్బు చేస్తే నీళ్లు పరీక్ష చేయిస్తాం. ఆక్సిజన్ ఎంత, అమ్మోనియా ఎంత అని చూస్తాం. పేగు సంగతి ఎవరికీ పట్టదు. చాలాసార్లు గొడవ మొదలయ్యేది అక్కడే.

పశువులున్న రైతుకు ఇది కొత్త విషయం కాదు. పచ్చగడ్డి తినే గేదెకు ఒక్కసారిగా కుండెడు నూకల జావ పెడితే కడుపు ఉబ్బి పడిపోతుంది. గడ్డి అరగడానికి దాని పొట్టలోని సూక్ష్మజీవులే ఆధారం. మేత హఠాత్తుగా మారితే అవి తారుమారవుతాయి. చేపలోనూ అంతే. మన శీలావతికి, బొచ్చెకు అసలు జీర్ణాశయమే లేదు, తిన్నది నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది. అక్కడి బ్యాక్టీరియాలో కొన్ని బీ12 విటమిన్ తయారుచేస్తాయి. కొన్ని పిండిని, పీచును అరిగించడంలో సాయపడతాయి, కొన్ని రోగ క్రిములకు చోటు దక్కనివ్వవు. ఏరోమోనాస్ కూడా ఆ గుంపులోదే. మంచివి బలంగా ఉన్నన్నాళ్లూ అణిగి ఉంటుంది. అవి తగ్గి, నీరు కూడా పాడైతే ఒంటి మీద ఎర్రమచ్చలు తెచ్చేది అదే.

కైకలూరు, ఆకివీడు వైపు నూనె తీసిన తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో పోసి గెడలకు కడతారు. దీన్ని పాత పద్ధతని వెక్కిరించేవాళ్లున్నారు. నేను వెక్కిరించను. అందులో ఏం కలుస్తుందో రైతు కళ్లారా చూస్తాడు. భయమల్లా బూజు పట్టిన వేరుశనగ చెక్కతోనే. దానిలోని అఫ్లాటాక్సిన్ ఉడకబెట్టినా పోదు. అది కాలేయాన్నీ పేగునూ రెండింటినీ దెబ్బతీస్తుంది.

తేలే మేత సంగతి వేరు. సంచి మీద ప్రోటీన్ 28 శాతం అని ఉంటుంది. దేని ప్రోటీన్? చేపపొడిదా, సోయాదా, ఈకల పొడిదా? అంకె ఒకటే అయినా పేగుకు అవన్నీ ఒకటి కావు. నార్వేలో సాల్మన్ చేపలకు చేపపొడి తగ్గించి సోయా పిండి పెంచితే పేగు చివరి భాగం వాచింది. అక్కడి బ్యాక్టీరియా కూడా మారిపోయింది. సోయాలోని సపోనిన్లే ముఖ్య కారణమని తేలాక, వాటిని తీసేసిన సోయా ప్రోటీన్ వాడుకలోకి వచ్చింది. కార్పు చేప ఇంతకంటే గట్టిది, కొన్ని వారాల్లో సోయాకు అలవాటు పడుతుందని పరీక్షల్లో కనిపించింది. ఆ కొన్ని వారాల నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

మా ఊళ్లో ఒకే బ్రాండు, ఒకే రంగు సంచి, ఉన్నట్టుండి చేప మేత వదిలేసింది. అడిగితే డీలరు "ప్రోటీన్ తగ్గలేదు కదండీ" అన్నాడు. ఆ నోటితోనే పేగుకు మంచిదని ప్రోబయాటిక్ డబ్బా చేతిలో పెట్టాడు. ప్రోబయాటిక్ అంతా మోసమని అనను. అయితే బయటి నుంచి వేసిన బ్యాక్టీరియా చాలా వరకు పేగులో స్థిరపడదు, వేయడం ఆపితే తగ్గిపోతుంది. రోజూ వేసే మేతే బాగోకపోతే డబ్బా ఏం చేస్తుంది? ఇక యాంటీబయాటిక్ కలిపితే చెడ్డవాటితోపాటు మంచివీ పోతాయి. ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడాన్ని యూరప్ 2006లోనే పూర్తిగా ఆపేసింది.

పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతోంది. బియ్యం బస్తా కొనేవాడికి లోపల ఏ రకమో చెప్పాలి, లక్షలు పోసి మేత కొనేవాడికి చెప్పనక్కర్లేదా? 2020లో మన రాష్ట్రంలో చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం వచ్చింది. దాని కిందే సంఘం అడగాలి: ముడిసరుకుల పేర్లు, పాళ్లు సంచి మీద ఉండాలి. ప్రతి లాటుకూ అఫ్లాటాక్సిన్ పరీక్ష ఫలితం ఇవ్వాలి, ముడిసరుకు మార్చితే ముందే చెప్పాలి. ప్రోబయాటిక్ డబ్బాలో గడువు తేదీ నాటికి బతికి ఉండే బ్యాక్టీరియా ఎంతో రాయాలి, దాన్ని ప్రభుత్వ ల్యాబులో తనిఖీ చేయాలి. ఫార్ములా రహస్యమని కంపెనీలు అంటాయి. బిస్కెట్ పొట్లం మీద రాస్తే పోని రహస్యం మేత సంచి మీద రాస్తే పోతుందా?

ఈలోగా మేత మార్చాల్సి వస్తే వారం పది రోజులు పాతది, కొత్తది కలిపి వేయండి. ఖాళీ సంచుల లేబుళ్లు, బిల్లులు పారేయకండి. వచ్చే మండల సమావేశానికి తీసుకొస్తే అర్జీకి జతచేద్దాం.