నాలుగూ లాగే బండి

నాలుగు చక్రాల బండి అందరూ ఎరిగినదే. నాలుగు చక్రాలూ లాగే బండి సంగతి మాత్రం చాలామంది ఎరగరు. మన వీధుల్లో తిరిగే కార్లలో చాలా మటుకు రెండు చక్రాలే లాగుతాయి. తక్కిన రెండూ వెంట దొర్లుతాయి. ఇద్దరు సంపాదిస్తే ఇద్దరు కూర్చుని తినే సంసారం వంటిదన్నమాట. తారు రోడ్డు మీద ఆ సంసారానికి ఏ లోటూ కనిపించదు. వాన కురిసి, మట్టి మెత్తబడి, ఎదర మిట్ట ఎక్కవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. లాగే రెండూ ఉన్నచోటనే గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. దొర్లే రెండూ చోద్యం చూస్తాయి.

ఈ కష్టానికి విరుగుడుగా వచ్చిన బండ్లలో పేరుమోసినది జీపు. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ తయారుచేయ మొదలుపెట్టిన ఆ డబ్బా బండి, యుద్ధం ముగిసేసరికి సగం ప్రపంచం చుట్టివచ్చింది. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే పేరుతో వెలసిన సంస్థ, తరువాత దానిని ఇక్కడ బిగించి అమ్మసాగింది. దేశ విభజనతో ఆ మొహమ్మద్ గారు పాకిస్తాను వెళ్ళి ఆర్థికమంత్రీ, ఆపైన గవర్నర్ జనరలూ అయినారు. 1948లో సంస్థ మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకుంది. బండి మాత్రం ఏ పేరూ మార్చుకోకుండా తహసీల్దారు గారికీ ఇన్‌స్పెక్టరు గారికీ ఊడిగం చేస్తూ, పల్లెల్లో "జీపొచ్చింది" అంటే సర్కారు వచ్చిందనే అర్థం సంపాదించుకుంది.

ఇంతకీ ఈ పురాణం ఎందుకు విప్పానంటే, మా మేనల్లుడు ఒకడు పాడేరు అవతల కొండ ఊళ్ళో ఉపాధ్యాయుడు. కాపురమూ అక్కడే. బస్సు ఆగేచోటికి ఏడు కిలోమీటర్లు. అందులో నాలుగు మట్టిదారి, మధ్యన ఒక గెడ్డ. నిరుడు వానల్లో మూడేళ్ళ పిల్లకు జ్వరం ముదిరితే మోటారు సైకిలు మీద బయలుదేరారు. అది బురదలో దిగబడింది. దాన్ని అక్కడే వదిలి, ఆలుమగలిద్దరూ పిల్లను మార్చి మార్చి భుజాన వేసుకుని రోడ్డుదాకా నడిచారు. పిల్ల కోలుకుంది గాని, ఆ రాత్రినుంచీ బండి కొనాలనే పట్టు వాడికి పట్టుకుంది. చేతిలో ఉన్నది మూడున్నర లక్షలు. అందులో లక్ష కోడలి గాజులు తాకట్టు పెట్టి తెచ్చినది. కొత్త బండి మాట తలపెట్టడానికి లేదు. 2023 జూన్‌లో జిమ్నీ వచ్చినప్పుడే దాని ప్రారంభ ధర 12 లక్షల 74 వేలు!

"మామయ్యా, నువ్వూ రా. ఇద్దరం ఉంటే మోసపోము" అన్నాడు. పద్యాలకు ప్రతిపదార్థం చెప్పుకునేవాడికి ఇరుసుల గొడవ ఏమి తెలుస్తుందని మీరు నవ్వవచ్చు. అందుకే తోడుగా ఒక మేస్త్రిని తీసుకువెళ్ళాము. నలభై ఏళ్ళుగా జీపుల కింద వెల్లకిలా పడుకున్న మనిషి. విశాఖలోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ రెండు నెలల ఆదివారాలు తిరిగి తొమ్మిది బండ్లు చూశాము. ఇక్కడ నేను చెప్పేదాంట్లో సరుకంతా ఆయనది. వ్యాకరణం ఒక్కటే నాది.

మొదటి బండి దగ్గరే ఒక ఎత్తుగడ బయటపడింది. చూడబోతే అచ్చమైన జీపు. ఎత్తయిన చక్రాలు, తళతళలాడే రంగు. మేస్త్రి వంగి ముందు ఇరుసు వంక ఒక్క చూపు చూసి "పదండి" అన్నాడు. నాలుగూ లాగే బండికి ముందు ఇరుసు మీద కూడా కొబ్బరి బోండామంత ఉబ్బు ఉండాలి. చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ అందులో ఉంటుంది. దీనికి అది లేదు. పాత జీపుల్లో వెనుక చక్రాలు మాత్రమే లాగేవి బోలెడున్నాయి. ఆ మాటకు వస్తే కొత్త థార్‌లోనూ 2023లో అటువంటి రకం వచ్చింది. ఆకారం చూసి బేరమాడితే మేడిపండు సామెతే. గేరు రాడ్డు పక్కన రెండో రాడ్డు ఉన్నదా, ముందు ఇరుసుకు ఉబ్బు ఉన్నదా, ఈ రెండూ చూసుకోనిదే ధర అడగకండి.

చవకలో దొరికేవి ముఖ్యంగా రెండు వంశాలు. ఒకటి మహీంద్రా వారి డీజిలు జీపులు. బరువు, మెల్లని నడక, ఏ ఊళ్ళోనయినా సామాను దొరకడం వాటి లక్షణాలు. రెండవది మారుతి జిప్సీ. 1985లో వచ్చింది, మొదట వెయ్యి సి.సి.కి లోపు ఇంజనుతో. 1996 నుంచి 1,300 సి.సి. ఇంజనుతో. మామూలు జనానికి అమ్మడం 2019లో ఆగిపోయింది. పెట్రోలు బాగానే తాగుతుంది, నాలుగువైపులా కమాను పట్టీలు గనుక నడుము విరగగొడుతుంది. కాని మొత్తం బరువు సుమారు ఒక టన్నే. బురదలో బరువు తక్కువ ఉండడాన్ని మించిన వరం లేదు. బరువు బండి దిగబడ్డచోట తేలిక బండి జారి బయటపడుతుంది. దిగబడ్డా నలుగురు మనుషులు పట్టి తోయగలరు. మా మేనల్లుడి ఊళ్ళో క్రేనులు లేవు, మనుషులు ఉన్నారు. అంచేత నేను జిప్సీ పక్షం.

పశువుల సంతలో ఎడ్లను బేరమాడే రైతును చూశారా? కొమ్ములకు పూసిన రంగు చూడడు. పళ్ళు పట్టి చూస్తాడు, సుడులు వెతుకుతాడు, నాలుగడుగులు నడిపించి నడక చూస్తాడు. మా మేస్త్రి పద్ధతీ అదే. గోనె పట్టా పరచి బండి కిందికి దూరేవాడు. చేతిలో చిన్న సుత్తి. దూలం పొడుగునా టకటక కొట్టుకుంటూ పోయేవాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది. సముద్రపు గాలి తిన్న విశాఖ బండ్లలో రెండింటిని ఆ చప్పుడుతోనే వదిలేశాడు. "ఇంజను పోతే ఇంజను పెట్టొచ్చు బాబూ, ఛాసిస్ పోతే బండే లేదు" అనేవాడు.

తరువాత ఇరుసుల నూనె. బిరడా విప్పి వేలు పెట్టి చూడాలి. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టే. ఇరుసులకు ఊపిరి తీసుకునే చిన్న రంధ్రాలుంటాయి. వేడెక్కిన ఇరుసు చన్నీటిలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, ఆ రంధ్రంలోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. కొన్న తరువాత వాటికి రబ్బరు గొట్టాలు తగిలించి బానెట్టులోకి ఎత్తికట్టుకుంటే ఈ బెడద ఉండదు. ఖర్చు కొద్ది వందలు. ఇంత చిన్న పని చేయించకుండా వేలు పోసి దీపాల వరసలు పెట్టించుకునేవారిని ఏమనాలో నాకు తెలియదు.

నడక చూసేటప్పుడు బండిని మట్టినేల మీదికి తీసుకుపోయి రెండో రాడ్డు వేయించాలి. నాలుగూ పట్టుకున్నాయా, రాడ్డు దానంతట అది జారి వచ్చేస్తున్నదా, ఇరుసులు మూలుగుతున్నాయా, చెవి పెట్టి వినాలి. తారు రోడ్డు మీద ఈ పరీక్ష పెట్టకండి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుకవాటికంటె ఎక్కువ దూరం నడవాలి. ఈ పాతబండ్లలో ఆ తేడాను సర్దేది ఏదీ లేదు. మట్టిలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారక, ఆ ఒత్తిడి అంతా గేర్ల మీద పడుతుంది.

నాలుగూ లాగుతున్నాయి గదా, ఇక దిగబడదనుకుంటే పొరపాటు. డిఫరెన్షియల్ అనే ఆ బోండాంలో ఒక వింత గుణం ఉంది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల్లో ఒకటి నేలను కరచుకుని, ఒకటి గాలిలో లేచిందనుకోండి. తిప్పుడంతా గాలిలో తేరగా తిరిగేవాడికి పోతుంది. కష్టపడగలవాడు కదలకుండా నిలబడతాడు. ఇటువంటి ఏర్పాటు లోకంలో మరెక్కడ ఉన్నదో నేను చెప్పను, మా కళాశాలలో నాకు ఇంకా పదిహేనేళ్ళ ఉద్యోగం ఉంది. ముందొకటి వెనుకొకటి చక్రం ఇలా తేలిపోతే నాలుగూ లాగే బండి కూడా మొండికేస్తుంది. అంచేత గోతుల్లో చక్రం గాలిలోకి లేవని జాడ వెతుక్కుని, లో గేరులో, నడిచే మనిషి వేగాన పోవాలి. దిగుడులోనూ అంతే, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు తొక్కి చక్రాలు జార్చుకోనక్కరలేదు.

చివరకు ఎనిమిదో బండి కుదిరింది. 2012 నాటి జిప్సీ, రెండు లక్షల డెబ్బై వేలు. దాని పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ గడువు 2027తో తీరుతుంది. ఆపైన తనిఖీ చేయించి అయిదేళ్ళకు పొడిగించుకోవాలి. ఛాసిస్ మీది నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆర్.సి. మీది నంబరుతో ఒక్కొక్క అంకే సరిచూశాకనే డబ్బు చేతులు మారింది. సైన్యం వేలం వేసిన బండ్లు ఇంకా చవకగా దొరుకుతాయి గాని, కాగితాలు సరిగా లేకపోతే అది బండి కాదు, ఇనుపసామాను.

మిగిలిన ఎనభై వేలు ఎలా ఖర్చు పెట్టాలన్న దగ్గర మామా అల్లుళ్ళకు చిన్న యుద్ధం జరిగింది. వాడికి బండి ఎత్తు పెంచాలని, ముందు ఇనుప కటకటా బిగించాలని మోజు. ఆ కటకటాల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం మాట అటుంచినా, ఎత్తు పెరిగిన బండి పక్కవాలులో తొందరగా పడుతుంది. పెద్ద టైర్లు వేస్తే బ్రేకులకూ ఇరుసులకూ భారం. అంచేత కంపెనీ కొలతలోనే, గట్టి గాళ్ళున్న టైర్లు అయిదు కొన్నాము. డబ్బులో ఎక్కువ వాటికే పోయింది. తక్కినది బ్రేకులకు, చక్రాల బేరింగులకు, నూనెలకు.

టైరు కొనడం ఒక ఎత్తు, అందులో గాలి ఒక ఎత్తు. రోడ్డు మీద పాతిక పౌన్లకు పైగా ఉండే గాలిని బురదలో, ఇసుకలో 18 దాకా దింపితే టైరు చదునై నేలమీద ఎక్కువ మేర పరచుకుంటుంది. ఒంటె పాదం వలె. కానీ ఖర్చులేని ఈ కిటుకు వేలు పోసిన హంగులకంటె ఎక్కువ పనిచేస్తుంది. రోడ్డెక్కగానే తిరిగి నింపుకోవాలి. అందుకు సీటు కింద కాలిపంపు ఒకటి. దానితోపాటు పార, జాకీ కింద వేయడానికి మందపాటి చెక్క, గట్టి తాడు. తాడు తగిలించే కొక్కెం ఛాసిస్‌కే బిగించి ఉండాలి. బంపరుకో, ట్రెయిలరు తగిలించే గుండుకో కట్టి లాగితే, అది ఊడి తుపాకి గుండులా వస్తుంది. గుంజేటప్పుడు తాడు దరిదాపుల్లో పిల్లలను నిలబడనీయకండి.

ఇక గెడ్డ. మా అక్కయ్య భయమంతా దాని గురించే, నా భయమూ అదే. పారే నీరు అడుగు లోతున్నా చిన్న కారును తేల్చగలదు. రెండడుగులైతే పెద్ద బండ్లను కూడా ఈడ్చుకుపోగలదు. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోతే మరొక ప్రమాదం. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. లోపలి కడ్డీలు వంగిపోతాయి. నీళ్ళలో ఆగిపోయిన ఇంజనును మళ్ళీ మీట నొక్కి లేపబోకండి. కొండ మీద ఎక్కడో కురిసిన వాన మన కంటికి కనబడదు. నీరు మాత్రం అరగంటలో మీదికి వస్తుంది. జిప్సీ అయినా ఏనుగైనా ఆ నీటికి ఒకటే.

మేస్త్రి సలహా మీద మా మేనల్లుడు గెడ్డ ఒడ్డున ఒక గుంజ పాతి, మోకాటి ఎత్తున ఎర్రరంగు పూశాడు. ఎరుపు మునిగితే బండి దిగదు. మనుషులు దాటడానికి చెక్క వంతెన ఒకటి ఉంది గనుక, ముసురు పట్టే సూచన కనిపించగానే బండిని ముందే దాటించి, రోడ్డువైపు ఒడ్డున ఒక రైతు కల్లంలో పెట్టి, నడిచి ఇంటికి వస్తాడు. అర్ధరాత్రి అవసరం పడినా వంతెన దాటితే బండి సిద్ధం. కల్లం రైతు అద్దె అక్కరలేదన్నాడట. సంతనాడు తన పసుపు బస్తాలు నాలుగు రోడ్డుదాకా చేరవేస్తే చాలునన్నాడట.