పోకర్ సైటును ఓడేవాడి వైపు నుంచి తూచాలి

ఆన్‌లైన్ పోకర్ సైటు మంచి చెడ్డలు చెప్పే సమీక్షలకు కొదవ లేదు. తొలి డిపాజిట్ మీద బోనస్ ఎంత, రాత్రి వేళ ఎన్ని టేబుళ్లు నడుస్తాయి, యాప్ ఫోన్‌లో ఎంత సాఫీగా తెరుచుకుంటుంది, గెలిచిన సొమ్ము ఎన్ని గంటల్లో బ్యాంకుకు చేరుతుంది అని అడిగి, సరదాగా ఆడేవాళ్లకు ఇన్ని నక్షత్రాలు, అనుభవజ్ఞులకు ఇన్ని నక్షత్రాలు అని తేల్చేస్తారు. ఆ సమాధానాల్లో అబద్ధం లేకపోవచ్చు. కానీ అవన్నీ గెలిచేవాడు అడిగే ప్రశ్నలు. పోకర్‌లో ఎక్కువమంది ఓడతారు. ఆ ఆట నడిచే పద్ధతే అంత. కాబట్టి సైటును తూచాల్సింది ఓడేవాడి వైపు నుంచి. వాడి డబ్బు ఎవరి ఖాతాలో ఉంది? ముక్కలు నిజంగానే కలిపి పంచారా? ఎదుట ఆడుతున్నది మనిషేనా? నిర్వాహకుడు ఎంత మినహాయించుకున్నాడు? మోసపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఈ ప్రశ్నలు వేస్తే, ఇవాళ తెలుగు రాష్ట్రాల వాళ్లకు గాలం వేస్తున్న విదేశీ పోకర్ సైట్లలో ఒక్కదానికీ ఒక్క రూపాయి కూడా అప్పగించకూడదన్నది మా స్పష్టమైన అభిప్రాయం.

ముందు నిర్వాహకుడి వాటా సంగతి చూద్దాం. పోకర్‌లో ఆటగాళ్లు తమలో తాము పోటీపడతారు, సైటుతో కాదు. ఎవరు గెలిచినా సైటుకు ఒకటేనన్న మాట అక్కడి నుంచే పుట్టింది. అది సగమే నిజం. బల్ల మధ్య పోగైన పందెం సొమ్ములోంచి ఆటాటకూ సైటు కొంత తీసుకుంటుంది. దాన్ని రేక్ అంటారు. సాధారణంగా ఒక గరిష్ఠ పరిమితికి లోబడి 5 శాతం దాకా ఉంటుంది. టోర్నమెంట్లలో ప్రవేశ రుసుముతో పాటే వసూలు చేస్తారు. వినడానికి 5 శాతం స్వల్పమే. లెక్క వేసి చూద్దాం. ఆరుగురు తలా వెయ్యి రూపాయలతో కూర్చున్నారనుకుందాం. ఆటకు సగటున 100 రూపాయలు పోగైతే సైటుకు 5 రూపాయలు వెళ్తాయి. ముక్కలు పంచేది కంప్యూటర్ కనుక గంటకు 70 ఆటలు తేలిగ్గా అయిపోతాయి. అంటే గంటకు 350 రూపాయలు. ఎవరూ కొత్తగా డబ్బు తేకపోతే పదిహేడు గంటలు దాటేసరికి బల్ల మీది 6,000 రూపాయలూ సైటువే. ఆరుగురూ సమాన ప్రతిభ గలవాళ్లయితే ఆరుగురూ ఓడతారు. ఒకరిద్దరు మేటి ఆటగాళ్లుంటే వాళ్లు తమ వాటాను మిగతావాళ్ల జేబుల్లోంచి ముందే లాగేసుకుంటారు. నైపుణ్యం వల్ల నష్టం ఒకరి మీద నుంచి మరొకరి మీదికి మారుతుందే గాని మొత్తం నష్టం పైసా కూడా తగ్గదు.

పోకర్ నైపుణ్యపు ఆట, జూదం కాదు అన్నది ఈ వ్యాపారం ఎప్పుడూ ముందు పెట్టే వాదన. పోకర్‌లో నైపుణ్యం ఉందన్న మాట మేమూ ఒప్పుకుంటాం. అయితే అది సైటుకు అనుకూలంగా పనిచేసే సాక్ష్యం కాదు. అదృష్టమే అంతా అయితే సరదాగా ఆడేవాడు కూడా అప్పుడప్పుడు సమానంగా గెలవాలి. ఆటలో నైపుణ్యం పాత్ర ఎంత ఎక్కువైతే వాడు అంత త్వరగా, అంత ఖాయంగా ఓడతాడు. న్యాయస్థానాలు సైతం ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. పోకర్‌ను 2013లో కర్ణాటక హైకోర్టు నైపుణ్యపు ఆటగా చూస్తే, 2017లో గుజరాత్ హైకోర్టు అదృష్టపు ఆట అంది. కంపెనీలు ఎక్కువగా ఉదహరించే తీర్పు మాత్రం మన నేల మీద పుట్టిన కేసులోదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. అదే తీర్పులో మరో మాట ఉంది. రమ్మీ అయినా, పందెం కాసి ఆడే మరే ఆట అయినా, దాని మీద క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నాడని రుజువైతే నేరం నిలబడవచ్చని కోర్టు అంది. కుర్చీలకూ పేకదస్తాలకూ మామూలు రుసుము తీసుకోవడం వేరు, ఆట మీద ఆదాయం సంపాదించడం వేరు అన్న ఆ తేడాను కంపెనీలు ఎప్పుడూ పైకి తీయవు. రేక్ మీద బతికే సైటుకు ఆ వాక్యం చాలా ఇబ్బందికరం మరి.

ఇక డబ్బు భద్రత. దీన్ని తెలుసుకోవడానికి ఫుల్ టిల్ట్ పోకర్ చరిత్రను మించిన పాఠం లేదు. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, ఆబ్సల్యూట్ పోకర్ సైట్ల నిర్వాహకుల మీద అభియోగాలు బయటపెట్టి, ఆ సైట్ల చిరునామాలను స్వాధీనం చేసుకుంది. పోకర్‌స్టార్స్ అమెరికా ఆటగాళ్ల సొమ్మును కొన్ని వారాల్లోనే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది, ఎందుకంటే ఆ సొమ్ము విడిగా ఉంది. ఫుల్ టిల్ట్ ఇవ్వలేకపోయింది. ఆ ఏడాది మార్చి చివరికి ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్లకు దాదాపు 39 కోట్ల డాలర్లు బాకీ ఉండగా, కంపెనీ బ్యాంకు ఖాతాల్లో ఉన్నది సుమారు 6 కోట్లేనని ప్రాసిక్యూటర్లు తేల్చారు. నాలుగేళ్లలో యజమానులు, డైరెక్టర్లు పంచుకున్నది 40 కోట్ల డాలర్ల పైమాటే. అప్పటిదాకా సమీక్షకుల దృష్టిలో ఫుల్ టిల్ట్ అగ్రశ్రేణి సైటు. సాఫ్ట్‌వేర్ బాగుండేది, ప్రపంచ ప్రసిద్ధ ఆటగాళ్లు దాని ముఖచిత్రాలు. తెర మీద కనిపించే బ్యాలెన్సు వట్టి అంకె అని ఎవరికీ తెలియలేదు, లైసెన్సు ఇచ్చిన ఆల్డర్నీ దీవి నియంత్రణ సంస్థకు కూడా. లైసెన్సును ఆ సంస్థ సస్పెండ్ చేసింది జూన్ చివర్లో. మరుసటి ఏడాది పోకర్‌స్టార్స్ 73 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఫుల్ టిల్ట్‌ను తీసుకోకపోయి ఉంటే ఆటగాళ్ల గతి ఏమయ్యేదో! అయినా అమెరికా ఆటగాళ్ల చేతికి డబ్బు అందడం మొదలైంది 2014లోనే.

ముక్కల పంపకం సంగతీ ఇంతే. 52 ముక్కలను కలపగల తీరుల సంఖ్యను రాస్తే 68 అంకెలు పడతాయి. 1999లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తన పంపకం నిష్పాక్షికమని రుజువు చేసుకోవడానికి ముక్కలు కలిపే ప్రోగ్రామును బయటపెట్టింది. భద్రతా నిపుణులు దాన్ని చదివి నిర్ఘాంతపోయారు. సర్వర్ గడియారం ఆధారంగా నడిచే ఆ ప్రోగ్రాము రోజుకు దాదాపు 8.6 కోట్ల తీరుల్లో మాత్రమే ముక్కలు కలపగలదు. సమయాన్ని కాస్త సరిచూసుకుంటే ఆ సంఖ్య రెండు లక్షలకు పడిపోతుంది. అయిదు ముక్కలు తెలిస్తే మిగతా కట్టంతా అక్కడికక్కడే చెప్పేయవచ్చు. అక్కడ దురుద్దేశం లేదు, ఉన్నదల్లా అజ్ఞానం. దురుద్దేశానికి ఉదాహరణ 2007లో ఆబ్సల్యూట్ పోకర్‌లో, 2008లో అల్టిమేట్‌బెట్‌లో బయటపడింది. లోపలివాళ్లకు ఎదుటివారి ముక్కలన్నీ కనిపించే ఖాతాలు ఉండేవి. అల్టిమేట్‌బెట్‌లో ఆ దోపిడీ ఏళ్ల తరబడి సాగింది. దాన్ని పట్టుకున్నది నియంత్రణ సంస్థ కాదు. ఆ గెలుపు శాతాలు మనిషికి సాధ్యం కావని లెక్కలు కట్టి చూపించినవాళ్లు అనుభవజ్ఞులైన ఆటగాళ్లే. వాళ్ల ఓపికకు జోహార్లు చెప్పాలి. కానీ నెలకోసారి రెండు వేలు పెట్టి ఆడే ఉద్యోగి వేల ఆటల రికార్డులు దించుకుని గణాంకాలు కట్టగలడా?

ఆ తర్వాత పరిస్థితి ఇంకా కష్టమైంది. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ కలిసి తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాము ఆరుగురి బల్ల మీద వృత్తి నిపుణులను ఓడించింది. అంటే మనిషి పేరుతో కూర్చున్న యంత్రం ఇప్పుడు ఊహ కాదు. కొన్ని పెద్ద సైట్లు బలమైన ఆటగాళ్ల పైచేయిని తగ్గించేందుకు ప్రత్యర్థుల గణాంకాలను తెర మీద చూపే సాధనాలను నిషేధించాయి, కొన్ని పేర్లే కనిపించని టేబుళ్లు పెట్టాయి. అలా చేసిన సైటు చేయని సైటు కన్నా నయమే. ఆ జాగ్రత్తకు అసలు కారణాన్ని మాత్రం మరువకూడదు. సరదా ఆటగాడు త్వరగా ఖాళీ అయి వెళ్లిపోతే రేక్ కట్టేవాడు ఉండడు. అనుభవజ్ఞుడికీ ఇదే సూత్రం: 2015 చివర్లో పోకర్‌స్టార్స్ తన అత్యున్నత శ్రేణి ఆటగాళ్లకు మరుసటి ఏడాదికి ఇస్తామన్న ప్రతిఫలాలను రద్దు చేస్తే, ఏడాది పొడవునా ఆ హామీ నమ్మి ఆడినవాళ్లు టేబుళ్ల దగ్గర ఆడకుండా కూర్చుని నిరసన తెలపడం మినహా చేయగలిగింది లేకపోయింది.

అలాగైతే న్యూజెర్సీ మాటేమిటని అడిగేవాళ్లుంటారు. తెలుగువాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన ఆ రాష్ట్రంలో 2013 నవంబరు నుంచి ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధం. అక్కడ లైసెన్సు ఉన్న సైటు నేరుగా రాష్ట్ర నియంత్రణ విభాగానికి జవాబుదారీ, ఆటగాళ్ల సొమ్ము కంపెనీ ఖర్చుల ఖాతాలో కలవకూడదు. అక్కడి తెలుగువారు పైన చెప్పిన ప్రశ్నలు అడిగి, జవాబులు రాబట్టి, తమ నిర్ణయం తాము చేసుకోవచ్చు. బ్రిటన్‌లో మరో పద్ధతి ఉంది. కంపెనీ దివాలా తీస్తే ఆటగాళ్ల సొమ్ముకు రక్షణ లేదా, మధ్యస్థంగా ఉందా, ఎక్కువగా ఉందా అన్నది సైటు తానే ప్రకటించాలి. లైసెన్సు ఉన్నా రక్షణ లేకపోవచ్చునని ఆ నిబంధనే చెబుతోంది కదా! సక్రమంగా నియంత్రించిన చోటే ఇంత జాగ్రత్త అవసరమైతే, ఏ దేశంలో ఉందో తెలియని సర్వర్ మీద నడిచే సైటుకు, యూపీఐలో ఎవరిదో పేరున్న ఖాతాకు డబ్బు పంపడం ఏపాటి వివేకం?

మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడానే పక్కన పెట్టింది. సైటు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఆడేవాడికి శిక్ష లేదు, అది సరైన ఆలోచన. నిషేధం వల్ల ఆటగాళ్లు విదేశీ సైట్లకు మళ్లుతారన్న అభ్యంతరంలో నిజం ఉంది. దేశీయ కంపెనీలు మూతపడినా ఆట మీద మోజు పోదు. అందుకే చట్టం చేసి చేతులు దులుపుకుంటే చాలదు. బ్యాంకులు, చెల్లింపు సంస్థలు ఆ ఖాతాలను వెతికి మూసే పని రోజూ జరగాలి. విదేశీ సైట్లు ఉన్నాయి కనుక వాటిలో మంచిదాన్ని ఎంచుకుందాం అన్న తర్కాన్ని మాత్రం మేము అంగీకరించం. మోసపోతే అక్కడ ఫిర్యాదు చేయడానికి ఆల్డర్నీ పాటి నియంత్రణ సంస్థ కూడా ఉండదు. మన పోలీస్ స్టేషనుకు వెళ్లినా సర్వర్ మరో ఖండంలో ఉంటుంది, యజమాని పేరు ఎక్కడా ఉండదు.

సమీక్షల వ్యాపారాన్ని కూడా ఇదే కొలతతో చూడాలి. పోకర్ సైట్లను సిఫార్సు చేసేవాళ్లలో చాలామందికి ఆదాయం రెండు దారుల్లో వస్తుంది: డిపాజిట్ చేసిన ఒక్కో మనిషికి ఇంత అని, లేదా ఆ మనిషి కట్టిన రేక్‌లో జీవితకాలం వాటా అని. పాఠకుడు ఓడిన కొద్దీ సంపాదించేవాడు ఆ పాఠకుడికి సలహాదారు కాలేడు. 2025 మార్చిలో సైబరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినీ ప్రముఖులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు. ఆ దృష్టి పోకర్ సమీక్షల మీదా పడాలి. షేర్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ విషయంలో సెబీ ఒక దారి చూపింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఆ వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని లెక్క తీసింది. పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతున్నారన్న హెచ్చరికను లాగిన్ అయ్యే ప్రతి ఖాతాదారు చదివేలా బ్రోకర్లను 2023లోనే ఆదేశించింది. కేంద్ర చట్టం మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన సవాళ్లు ఎటు తేలినా, ఈ దేశంలో డబ్బుతో ఆడే పోకర్‌కు మళ్లీ తలుపు తెరిచే పక్షంలో మొదటి షరతు ఇదే కావాలి: గడిచిన ఏడాది ఎంతమంది ఆడారు, రేక్ పోగా ఎంతమంది నష్టపోయారు, సగటు నష్టం ఎంత, ఆటగాళ్ల సొమ్ము ఏ బ్యాంకు ట్రస్టు ఖాతాలో ఉంది అన్న నాలుగు వివరాలూ స్వతంత్ర ఆడిటర్ సంతకంతో, బోనస్ ప్రకటన కన్నా పెద్ద అక్షరాల్లో, డిపాజిట్ బటన్ పైనే ఉండాలి. అవి చూపలేని సైటుకు లైసెన్సు ఇవ్వకూడదు.